బ్రీడింగ్ వాల్యూ చూసి స్ట్రా ఎంచుకోవడం: ఏళ్ల తరబడి వాడాక

స్ట్రా అంటే ఆబోతు వీర్యం నింపిన సన్న గొట్టం, బ్రీడింగ్ వాల్యూ అంటే ఆ ఆబోతు వారసత్వ విలువకు వేసిన అంచనా. హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుల మందలో కొన్ని తరాల పెయ్యల మీద చూశాక ఈ మాట: పాల దిగుబడి పెంచడానికి ఈ అంకె చూసి ఎంచుకోవడం పనికొస్తుంది. చూడి కట్టక మళ్లీ మళ్లీ ఎదకొచ్చే (తిరగపొర్లే) ఆవులకు మాత్రం మందు కాదు. చూడి కట్టడంలో వారసత్వ వాటా 5 శాతానికి అటూఇటూ ఉంటుంది, అక్కడ ఎదను సరిగ్గా గుర్తించడమే దారి.

సైర్ డైరెక్టరీ (ఆబోతుల వివరాల పుస్తకం) తెరిస్తే అందరి కళ్లూ ఆబోతు తల్లి ఇచ్చిన పాల మీదే పడతాయి. ఆ అంకెలో దాణా ఎంత, పోషణ ఎంత, రక్తం ఎంత అన్నది తెలియదు. పాల దిగుబడికి వారసత్వ వాటా దాదాపు 25 నుంచి 35 శాతమే. మంద, ఈనిన కాలం, ఎన్నో ఈత అన్నవాటి ప్రభావం తీసేశాక వారసత్వం వల్ల వచ్చే భాగానికి వేసే అంచనాయే బ్రీడింగ్ వాల్యూ. +600 కిలోలని ఉంటే కూతుళ్లకు దిగేది సగటున 300. అమెరికా కేటలాగుల్లోని పీటీఏ (కూతుళ్లకు దిగే భాగం అంచనా) ముందే సగం చేసిన అంకె, బేస్, అంటే పోల్చడానికి సున్నాగా పెట్టుకునే సగటు, కూడా వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. అక్కడ 2025 ఏప్రిల్‌లో బేస్ మార్చగానే పాల అంకెలు తగ్గాయి, ఆబోతులేమీ చెడిపోలేదు.

అంకె పక్కన ఉండే విశ్వసనీయత శాతం తప్పక చూడాలి. తల్లిదండ్రుల సగటు మీదే నిలబడ్డ కోడె కంటే జీనోమిక్ (డీఎన్ఏ) పరీక్ష చేసిన కోడె నయం. ఎక్కువమంది కూతుళ్ల పాలు కొలిచిన ఆబోతు ఇంకా నయం. ఈ పరీక్షకు వాడే చిప్‌లు మన దగ్గరా ఉన్నాయి: దేశీ ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ 2024 అక్టోబరులో వచ్చాయి. కూతుళ్లు ఇంకా పాలకు రాని కోడెలైతే ఒక్కదాన్నే నమ్ముకోకుండా నాలుగైదింటి స్ట్రాలు పంచి వేయించడం క్షేమం.

అసలు తేడా కొట్టేది పాల కొలత దగ్గర. నెలకోసారి ఉదయం, సాయంత్రం రెండు పూటలా తూచాలి. లీటరు దాదాపు 1.03 కిలోలు, కొందరు లీటర్లనే కిలోలుగా రాసేస్తారు. దూడ తాగిన పాలు లెక్కలోకి రావు. కొలత రోజున మాత్రమే దాణా పెంచితే మీ ఆవు లెక్కే తప్పుతుంది. వెన్న శాంపిల్‌కు పొదుగు పూర్తిగా పిండి, పాలు కలియబెట్టి తీయాలి. మొదటి ధారలు పలచన, చివరి ధారలు చిక్కన.

చెవి ట్యాగు ఊడితే కొత్త 12 అంకెల నంబరును పాతదానికి భారత్ పశుధన్‌లో (పశువుల వివరాలు నమోదయ్యే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) కలిపించండి, లేకపోతే ఒకే ఆవు రెండుగా చీలిపోతుంది. స్ట్రా మీద ఆబోతు నంబరు ముద్రించి ఉంటుంది. వాడిన ఖాళీ స్ట్రాను మంద పుస్తకంలో ఆ ఆవు పేజీకి అంటించడం చవకైన రికార్డు. గోపాలమిత్ర (ఊళ్లో స్ట్రాలు వేసే కార్యకర్త) నోటిమాటగా చెప్పే నంబరు కంటే అదే నమ్మకం.

పెయ్య ఎదకు వచ్చేసరికి దాని తండ్రి స్ట్రాలు ఇంకా కంటైనర్‌లోనే ఉంటాయి. తండ్రీకూతుళ్ల కలయికలో పుట్టే దూడకు అంతఃప్రజననం (దగ్గరి రక్తం కలిసిన పాలు) 25 శాతం, ఒకే తండ్రి పిల్లలైతే 12.5. దీన్ని 6.25 దాటనివ్వకూడదు. అందుకని స్ట్రా తీసే ముందు పెయ్య పేజీ తెరిచి తండ్రి నంబరు, తల్లి తండ్రి నంబరు రెండూ సరిచూసుకోండి.