ఎర్రవి చదివి ఊదావి వదిలేస్తే: తొమ్మిదేళ్ల జీసీసీ వాడకం

సీ ప్రోగ్రామ్‌ని రన్ చేయడానికి వీలుగా మార్చిపెట్టే కంపైలర్ జీసీసీ. అందులో ఎర్రర్లు ఎరుపు రంగులో వస్తాయి, వార్నింగులు ఊదా రంగులో. సీ నేర్చుకున్న మొదటి ఏడాదంతా నాకు ఎరుపు కనిపిస్తే టెన్షన్, ఊదా కనిపిస్తే ‘హమ్మయ్య’. ఎరుపు లేదంటే రన్ చేసుకునే ఏ.అవుట్ ఫైలు తయారైపోయినట్టే కదా, ఇంకేం కావాలి? ఆ హమ్మయ్య వల్ల ఎన్ని రాత్రుల నిద్ర పోయిందో చెబుదామనే ఈ సమీక్ష. 2016లో బీటెక్ మొదటి సంవత్సరంలో మొదలుపెట్టి ఇప్పటిదాకా వాడుతూనే ఉన్నాను. హైదరాబాద్‌లో నా ఉద్యోగం కూడా సీ మీదే. అయితే ఇక్కడ వేగం గురించీ ఆప్టిమైజేషన్ గురించీ మాట్లాడబోవడం లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ కంపైలర్ మాటలు ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి, అంతే. మార్కులు ఇప్పుడే వేసేస్తాను: ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో చదువుతుంటే తెలుస్తుంది.

మా కాలేజీ ల్యాబ్‌లో అప్పటికీ టర్బో సీ అనే పాత కంపైలర్ నీలం తెరే. ఆల్ట్ ఎఫ్9 కొడితే కంపైల్, కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్. పాతదే గానీ దాన్ని మరీ తీసిపారేయను. ఇఫ్‌లో పోల్చడానికి రెండు ఈక్వల్స్ పెట్టాల్సిన చోట ఒకటే పెడితే (ఒకటైతే పోల్చదు, ఆ విలువని వేరియబుల్‌లో వేసేస్తుంది) ‘పాసిబ్లీ ఇన్‌కరెక్ట్ అసైన్‌మెంట్’ అనేది. మూడే మాటలు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు కూడా అర్థమయ్యేవి. ఆ ల్యాబ్ ప్రోగ్రామే ఇంటికి తెచ్చుకుని, ల్యాప్‌టాప్‌లో కొత్తగా వేసుకున్న ఉబుంటు లైనక్స్‌లో జీసీసీతో కంపైల్ చేస్తే, కోనియో.హెచ్ అనే ఫైలే లేదు పొమ్మంది. ఆ లైను తీసేస్తే తెర తుడిచే క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్ దగ్గర ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంది. కింద ‘ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్’. నా తప్పు ఏ లైన్లో ఉందా అని గంటసేపు వెతికాను. ఎల్‌డీ అంటే లింకర్ అనీ, నేను రాసిన వాక్యాల్లో దోషమేం లేదనీ, నేను పిలిచిన ఫంక్షన్ అసలు కోడ్ ఎక్కడా దొరకలేదనే అది మొత్తుకుంటోందనీ తెలియడానికి ఒక సెమిస్టర్ పట్టింది. స్క్వేర్‌రూట్ ఫంక్షన్ వాడినప్పుడూ ఇదే గోల. అక్కడ కమాండ్ చివర మైనస్ ఎల్ఎం తగిలిస్తే పోతుంది.

మైనస్ డబ్ల్యూ ఆల్ అనే ఆప్షన్ పెట్టుకుంటే వార్నింగులన్నీ వస్తాయని ఒక సీనియర్ అన్న చెప్పాడు. పెట్టుకున్నాను. అప్పుడు రాస్తున్నది క్లాసు మార్కుల ప్రోగ్రామ్: పరీక్షకి రానివాళ్లకి మార్కుల బదులు -1 వేసి, ఆ -1 కనిపించినచోట ‘ఆబ్సెంట్’ అని ప్రింట్ చేయాలి. నేను ఇఫ్‌లో ఒక్క ఈక్వల్సే పెట్టాను. జీసీసీ ఊదా రంగులో ఏమందంటే, ‘సజెస్ట్ పేరెంథిసెస్ అరౌండ్ అసైన్‌మెంట్ యూజ్డ్ యాజ్ ట్రూత్ వాల్యూ’. ట్రూత్ వాల్యూ ఏంటో తెలియదు గానీ, డిక్షనరీ తీస్తే పేరెంథిసెస్ అంటే బ్రాకెట్లని ఉంది. బ్రాకెట్లు పెట్టమని సలహా ఇస్తోంది, సరే, పెడదాం. ఇఫ్ బ్రాకెట్ల లోపల ఇంకో జత బ్రాకెట్లు పెట్టాను. ఊదా అక్షరాలు మాయం! ఎంత సంబరపడ్డానో. రన్ చేస్తే క్లాసంతా ఆబ్సెంట్.

ఆ రెండో జత బ్రాకెట్లకి జీసీసీ దృష్టిలో ఒక అర్థం ఉంది: ‘నేను కావాలనే ఒక్క ఈక్వల్స్ పెట్టాను, నువ్వు నోరు మూసుకో’ అని. నేను తెలియకుండా ఆ మాట అన్నాను, అది మర్యాదగా నోరు మూసుకుంది. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ ఇదే తప్పుకి బ్రాకెట్ల సంగతితోపాటు ‘పోల్చడమే మీ ఉద్దేశమైతే రెండు ఈక్వల్స్ పెట్టండి’ అని కింద నోట్ కూడా ఇస్తుంది. జీసీసీ ఇన్నేళ్లుగా ఆ మాట అనలేదు. కోసిన మార్కు మొత్తం దీనికే.

ఇప్పుడు అసలు మేలు చేసిన సంగతి. వయసు అడిగి, వచ్చే ఏడాది ఎంతవుతుందో చెప్పే ఐదు లైన్ల ప్రోగ్రామ్. కీబోర్డ్ నుంచి విలువ చదివే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు, దాని అడ్రస్ ఇచ్చే గుర్తు & పెట్టడం మర్చిపోయాను. జీసీసీ ఊదాలో హెచ్చరించింది: పర్సంటేజ్ డికి ఇంట్ స్టార్ రకం (అంటే ఇంట్ ఉన్న అడ్రస్) కావాలి, నువ్విచ్చింది ఉత్త ఇంట్. చదవలేదు. ఏ.అవుట్ తయారైంది కదా. రన్ చేసి 18 అని కొట్టి ఎంటర్ నొక్కాను.

‘సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్.’

అంతే. లైన్ నంబర్ లేదు, వేరియబుల్ పేరు లేదు. అడ్రస్ చెప్పమంటే ఇంట్లో ఉన్న మనిషి పేరు చెప్పాను నేను. ఆ మనిషి కూడా లేడు, అక్కడున్నది గార్బేజ్ వాల్యూ. స్కాన్ఎఫ్ దాన్నే అడ్రస్ అనుకుని, మనది కాని మెమరీలో 18 రాయబోయింది, లైనక్స్ మెడపట్టి బయటికి గెంటేసింది. లైనక్స్ చేసే పని అంతవరకే. ఎందుకు గెంటానో అది చెప్పదు. సిగ్నల్ 11 పంపుతుంది, ఎగ్జిట్ కోడ్ చూస్తే 139 అని ఉంటుంది, అంటే 128కి 11 కలిపితే వచ్చేది. ఏ లైనో, ఏ ఆర్గ్యుమెంటో, ఎందుకో కంపైలర్ అంతకు అర నిమిషం ముందే చెప్పింది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వచ్చే ఎర్రర్ కన్నా నడవకముందు వచ్చే వార్నింగ్‌కే ఎక్కువ వివరం తెలుసునన్నది నాకు అప్పుడు తట్టలేదు, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటే ఏంటా అని రాత్రి రెండింటి దాకా వెతుకుతూ కూర్చున్నాను.

ఇంకా మోసపు సందేశం ఒకటుంది. సగటు కట్టే ప్రోగ్రామ్‌లో మనుషుల సంఖ్య సున్నా ఇచ్చాను. ‘ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్’ అంది. నా ప్రోగ్రామ్‌లో ఫ్లోట్ అన్న మాటే లేదు, అన్నీ ఇంట్‌లే! ఉన్న ఇంట్‌లన్నీ ఫ్లోట్‌గా మార్చి చూద్దామా అని కూడా అనుకున్నాను. ఇంటీజర్‌ని సున్నాతో భాగించినా లైనక్స్‌లో వచ్చేది ఈ పేరే, సిగ్నల్ 8. పాత పేరు అలా ఉండిపోయింది. ఇది జీసీసీ తప్పు కాదు కాబట్టి మార్కు కోయలేదు. కానీ ఎవరైనా తొలిసారి చూస్తుంటే, ఫ్లోట్‌ల జోలికి పోకుండా భాగహారాలు ఎక్కడెక్కడున్నాయో చూసుకోండి.

అసలు ఏమీ అనకుండా తప్పు జవాబు ఇచ్చేవాటి ముందు ఇవన్నీ నయం. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాయనివాళ్లు ఉండరు కదా. టర్బో సీలో ఇంట్ 16 బిట్లే, 32767 దాటదు. అందుకే 8 ఫ్యాక్టోరియల్ అడిగితే 40320 బదులు -25216 వచ్చేది. మైనస్ చూడగానే ఏదో తేడా అని ఎవరికైనా తెలిసిపోతుంది. జీసీసీలో ఇంట్ 32 బిట్లు, 12 దాకా సరిగ్గా వస్తుంది. 13కి 1932053504 అని వస్తుంది. మైనస్ లేదు, పెద్ద నంబరే, చూడటానికి లక్షణంగా ఉంది. అసలు జవాబు 6227020800. నేను ఆ తప్పు జవాబుని రికార్డులో నీట్‌గా రాసి సంతకం కూడా చేయించుకున్నాను.

దీనికి మందు నాకు రెండేళ్ల తర్వాత దొరికింది. మైనస్ ఎఫ్ శానిటైజ్ ఈక్వల్స్ అన్‌డిఫైన్డ్ అని పెట్టి కంపైల్ చేస్తే, ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ అదే 13 దగ్గర లైన్ నంబర్ వేసి, ‘479001600 ఇంటూ 13 ఇంట్‌లో పట్టదు’ అని చెప్పేస్తుంది. 479001600 అంటే 12 ఫ్యాక్టోరియల్. అంకెలతో సహా చూపించే ఎర్రర్ మెసేజ్ అదే మొదటిసారి చూడటం. దీని తోబుట్టువు శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్. ఐదుగురి మార్కులున్న అరేలో ఆరో గడి చదివితే మామూలుగా ఏదో ఒక చెత్త అంకె ప్రింటై ఊరుకుంటుంది. ఇది పెడితే ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపి ‘స్టాక్ బఫర్ ఓవర్‌ఫ్లో’ అని తెరంతా నింపేస్తుంది. ఆ నింపుడు చూసి మొదట్లో భయమేస్తుంది. అన్నీ చదవక్కర్లేదు. మన ఫైలు పేరు ఎక్కడ కనిపిస్తే ఆ లైను పట్టుకోండి, దాని పక్కనే నంబర్ ఉంటుంది. కంపైల్ చేసేటప్పుడు మైనస్ జి కూడా పెట్టాలి, లేకపోతే ఆ నంబర్ రాదు. జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే జాబితా) తీసినా ఇదే చిట్కా: పైన ఉండేవి లైబ్రరీ లోపలి పేర్లు, మన మెయిన్ కిందెక్కడో ఉంటుంది. శానిటైజర్ పెడితే ప్రోగ్రామ్ సుమారు రెండింతలు నెమ్మదిస్తుంది. ల్యాబ్ ప్రోగ్రామ్‌లకి అది లెక్కలోకి రాదు. ఈ రెండింటినీ మొదటి ల్యాబ్ క్లాసులోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం, పాయింటర్ల కన్నా ముందు.

మళ్లీ మైనస్ డబ్ల్యూ ఆల్ సంగతి. ‘ఆల్’ అని పేరే గానీ అన్నీ రావు. మైనస్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా అని ఇంకోటి ఉంది, అది పెట్టినా అన్నీ రావు. నన్ను ల్యాబ్ ఎగ్జామ్‌లో దెబ్బకొట్టింది ఇదే. సమ్ అనే వేరియబుల్‌కి సున్నా ఇవ్వకుండానే లూప్‌లో కూడుతూ పోయాను. నా ల్యాప్‌టాప్‌లో ప్రతిసారీ సరైన జవాబే, ఎందుకంటే ఆ చోట అదృష్టవశాత్తూ సున్నా ఉండేది. ఎగ్జామ్‌లో వేరే మెషీన్ మీద అదే ప్రోగ్రామ్ ముప్పై రెండు వేలు దగ్గర ఏదో చూపించింది, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నా వంక చూశారు. నేను డబ్ల్యూ ఆల్ పెట్టే రాసుకున్నాను, మరి ఎందుకు చెప్పలేదు? లూప్ లోపల కూడే ఇలాంటి వేరియబుల్‌ని జీసీసీ పసిగట్టాలంటే ఆప్టిమైజేషన్ (ప్రోగ్రామ్‌ని వేగంగా నడిచేలా మలచడం) కూడా ఆన్‌లో ఉండాలి. మైనస్ ఓ టు పెడితే ‘మే బీ యూజ్డ్ అన్‌ఇనిషియలైజ్డ్’ లాంటి వార్నింగ్ వస్తుంది. కొత్తవాడికి ఇది ఎలా తెలుస్తుంది? దీనికి అర మార్కు కోయాలి నిజానికి, కానీ ఉచితంగా వచ్చిన దానికి మరీ అంత పిసినారితనం ఎందుకని వదిలేశాను.

ఈ తొమ్మిదేళ్లలో బాగుపడినవి లేకపోలేదు. నేను మొదలుపెట్టినప్పుడు వెర్షన్ 5. సెమికోలన్ మర్చిపోతే తప్పు లేని కింది లైన్ని చూపించేది, పాపం ఆ రిటర్న్ లైన్ని ఎన్నిసార్లు చెరిపి రాశానో. వెర్షన్ 8 నుంచి సెమికోలన్ ఎక్కడ రావాలో ఆ చివరనే గుర్తు పెట్టి చూపిస్తోంది. ప్రింట్ఎఫ్ స్పెల్లింగ్ తప్పితే ‘మీ ఉద్దేశం ప్రింట్ఎఫ్ఫేనా’ అని అడుగుతోంది. అన్నిటికన్నా పెద్ద మార్పు 2024లో వచ్చిన 14లో: డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్ పిలిస్తే ఇదివరకు వార్నింగ్, ఇప్పుడు ఎర్రర్. భాష ప్రమాణంలోంచి ఆ వెసులుబాటుని 1999లోనే తీసేశారు, ఇక్కడ ఊదా ఎరుపు కావడానికి పాతికేళ్లు పట్టింది. పాత ల్యాబ్ మాన్యువల్‌లోని ప్రోగ్రామ్‌లు కొన్ని దీంతో అసలు కంపైలే కావు. మంచిదే అంటాను నేను.

మెసేజ్‌ల భాష ఒక్కటే మారలేదు. ఇంప్లిసిట్, డీరిఫరెన్స్, లాంటి మాటలు ఇంగ్లిష్ మీడియం పిల్లలకీ కొత్తే, మనకి మరీనూ. మా పిన్ని కొడుకు ఇప్పుడు బీటెక్ మొదటి సంవత్సరం. మొన్నామధ్య ఫోన్ చేసి, “అక్కా, యాభై ఎర్రర్లు వచ్చాయి, అన్నిట్లో స్ట్రే అంటోంది. స్ట్రే డాగ్ అంటారే, అదేనా?” అన్నాడు. అదేరా అన్నాను, నిజంగా అదే. వాట్సాప్‌లో వచ్చిన నోట్స్ పీడీఎఫ్ నుంచి ప్రోగ్రామ్ కాపీ చేశాడు, అందులో మామూలు కోట్స్ బదులు వంకీ తిరిగిన కోట్స్ ఉన్నాయి. స్ట్రే తర్వాత 342 అని అంకె కనిపిస్తే ముందు కోట్స్ అన్నీ చెరిపి చేత్తో కొట్టుకోవాలి. మొదటి ఎర్రర్ ఒక్కటే సరిచేసి మళ్లీ కంపైల్ చెయ్యి, మిగతావి చదవకు అని చెప్పాను. ఐదు నిమిషాల్లో యాభై కాస్తా రెండయ్యాయి.

వాడిది విండోస్, కోడ్‌బ్లాక్స్ అనే ఎడిటర్‌లో చేస్తాడు. కంపైలర్ మాత్రం జీసీసీనే, విండోస్ కోసం చేసిన మింజీడబ్ల్యూ రూపంలో. అందులో నేను చెప్పిన అడ్రస్ శానిటైజర్ పనిచేయదు, అది కావాలంటే విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసుకుని ఉబుంటులో చేయాలి. ఇంకా వేయించలేదు. పోయిన ఆదివారం మళ్లీ ఫోన్.

“అక్కా, నా ప్రోగ్రామ్ మైనస్ నూట ఏడు కోట్లు రిటర్న్ చేసింది.”

“సరిగ్గా చదువు.”

“మైనస్ 1073741819. నేను రిటర్న్ జీరో అనే పెట్టాను, ఒట్టు.”

విండోస్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని రాయదు, ఈ అంకె వేసి ఊరుకుంటుంది. “స్కాన్ఎఫ్ చూడు” అన్నాను. “చూశా, బాగానే ఉంది” అన్నాడు. “& ఉందా?” అంటే అవతల కాసేపు కీబోర్డ్ చప్పుడు. తర్వాత, “వేరే రంగులో ఏదో అప్పుడే వచ్చింది గానీ, ఎరుపు కాదు కదా అని...” అన్నాడు.