మట్టిబొమ్మా, జియస్ కూతురా?

డీసీ కామిక్స్ సూపర్ హీరోయిన్ వండర్ ఉమన్, అంటే డయానా, ఎలా పుట్టిందని అభిమానుల మధ్య తెగని గొడవ ఇదే. 1987లో జార్జ్ పెరెజ్ మళ్లీ మొదలుపెట్టిన కథలో అమెజాన్లనే యోధురాళ్ల రాణి హిపోలిటా తీరాన మట్టితో పాపను చేస్తే దేవతలు ప్రాణం పోస్తారు, తండ్రి అనేవాడే లేడు, ఆ పాత్ర ప్రత్యేకత అంతా అక్కడే ఉంది. 2011లో రచయిత బ్రయాన్ అజరెల్లో వచ్చి మట్టి కథ అబద్ధమని, డయానా గ్రీకు దేవతల రాజు జియస్ కూతురని తేల్చేశాడు. నిజం చెప్పాలంటే చదవడానికి ఇదే వేగంగా ఉంటుంది, క్లిఫ్ చియాంగ్ బొమ్మలైతే అదుర్స్. కానీ అమెజాన్లు నావికులను వాడుకుని చంపేయడం, మగబిడ్డలను ఇచ్చి ఆయుధాలు తీసుకోవడం ఏంటి? అక్కడ చాలామందికి మండింది, నాకూ మండింది.

2016లో గ్రెగ్ రకా నెలకు రెండు సంచికల్లో, ఒకదాంట్లో ఇప్పటి కథ, ఇంకోదాంట్లో డయానా హీరోయిన్‌గా మారిన మొదటి ఏడాది కథ నడిపాడు. ఒక ముడి విప్పడానికి నెలలు పట్టిందని విసుక్కున్నవాళ్లున్నారు. సంచిక సంచికకీ ఆగి చదివితే నత్తనడకే, ఒకేసారి చదివితే మాత్రం ఆ నెమ్మదే బాగుంటుంది. నా ఓటు మట్టికే.