జీడితోటలో కలుపు సర్వే: ఫీజు గిట్టింది

కలుపు చూడ్డానికి కూడా ఫీజా అని మా బావ నవ్వాడు. అయినా మందస దగ్గర మా జీడితోటకి వృక్షశాస్త్రం చదివిన ఒక కన్సల్టెంటుని పిలిచాను. ఆయన ఊరికే చుట్టి వెళ్ళిపోలేదు. తాడుతో చదరపు మీటరు గళ్ళు వేసి, ఒక్కో గడిలో ఏ మొక్క ఎన్ని ఉన్నాయో రాసుకున్నారు. వయ్యారిభామని పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకాలట. తుంగని పైపైన పీకితే దండగే, గడ్డలు మట్టిలోనే ఉంటాయి. బదనిక (చెట్టు కొమ్మకే అంటుకుని దాని సారం పీల్చే మొక్క) పట్టిన మామిడి కొమ్మని అది అంటుకున్న చోటికి దిగువన కొట్టించారు.

నాకు బాగా నచ్చింది కంచె దగ్గర. ఆకు కొనల్తో కంపని చుట్టుకుని, ఎరుపు పసుపు రేకులు పైకి విరుచుకుని అడవినాభి! మావాళ్ళు కత్తి ఎత్తబోతే ఆపారు. దుంప విషం, మేకల్ని అటు తోలొద్దన్నారు.

రిపోర్టు మాత్రం బాగా లేటు, పైగా అన్నీ లాటిన్ పేర్లే. గట్టిగా అడిగాక తెలుగు పేర్లు, ఫొటోలు జోడించారు. పిలిస్తే వానల్లో పిలవండి. మండుటెండల్లో సగం మొక్కలు కనపడవు, ఫీజు మాత్రం అంతే.