హవానా ఫ్లోరిడీటాలో పంచదార లేని డైకిరీ

క్యూబా రాజధాని హవానా పాతబస్తీలో ఒబిస్పో వీధి చివరన ఉన్న ఎల్ ఫ్లోరిడీటా 1817లో మొదలైన బారు. విశాఖ నుంచి ఓడ డ్యూటీ మీదో, సెలవులకో అటు వెళ్లేవాళ్లు కౌంటర్ దగ్గర ఉత్త "డైకిరీ" (రమ్ము, నిమ్మరసం, పంచదార కలిపిన కాక్‌టెయిల్) అని ఊరుకోకండి. పంచదార వేసి ఐసుతో తిప్పిన మామూలుది ఇస్తారు. అదీ బాగానే ఉంటుంది గానీ, అమెరికన్ రచయిత హెమింగ్వే తాగింది అది కాదు. ఆయనకి రమ్ము రెండింతలు పడాలి, పంచదార అసలు పడకూడదు. "పాపా డోబ్లే" అనండి, వెంటనే "సిన్ అసూకర్" అనండి. పంచదార వద్దని అర్థం.

బారు మూలన 2003లో పెట్టిన ఆయన కంచు విగ్రహం ఉంది. ఫోటోల రద్దీ అంతా అక్కడే. నిదానంగా తాగాలంటే తలుపు తీసిన వెంటనే వెళ్లి, బార్టెండర్ చేతులు కనిపించే చోట కూర్చోండి. కాన్‌స్తాంతీనో రిబలాయిగా అనే యజమాని ఇక్కడ నిలబెట్టిన పనితనం చూడదగ్గది.

హెమింగ్వే డైకిరీని వైజాగ్‌లో కలుపుకోవడానికి అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం కొలత ఇది: తెల్ల రమ్ము 60 మి.లీ., గ్రేప్‌ఫ్రూట్ రసం 40, నిమ్మరసం 15, మరస్కీనో లిక్కర్ 15. గ్రేప్‌ఫ్రూట్ దొరక్కపోతే దిగులు లేదు. మన పంపరపనసకీ బత్తాయి జాతికీ పుట్టిన సంకరమే అది. పంపరపనసలో పులుపు, చేదు తక్కువ కాబట్టి నిమ్మరసం 20కి పెంచండి. తొన మీది తెల్లపొర, గింజలు తీసేసి గుజ్జుని గుడ్డలో పిండాలి. మిక్సీలో వేస్తే గింజ నలిగి చేదెక్కుతుంది. నిమ్మకాయ అప్పటికప్పుడే కోయాలి, సీసాలో అమ్మే తీపి లైమ్ కార్డియల్ పనికిరాదు. మరస్కీనో అంటే బేకరీ చెర్రీల ఎర్ర పాకం కాదు. అది రంగులేని చెర్రీ మద్యం. అది లేకపోతే మానేయండి, పాకం మాత్రం పోయకండి.

ఎక్కువమందికి చెడేది ఐసు దగ్గరే. గిన్నెలో తీసి పెట్టిన ఐసుకి మన ఉక్కలో రెండు నిమిషాల్లో నీరు పడుతుంది, ఆ నీరే డ్రింకుని పలచన చేసేస్తుంది. రసాలు, రమ్ము ముందే మిక్సీ జార్లో పోసి, ఫ్రీజర్ నుంచి తీసిన ఏడెనిమిది ముక్కలు చివర్లో వేసి పదిహేను సెకన్లు తిప్పండి. గ్లాసు కూడా ఫ్రీజర్లోనే ఉండాలి. బయటికి తీయగానే అంచు మీద తెల్లటి మంచుపొర కనబడితే, పోయడానికి అదే సమయం.