బస్సా, స్కూటీయా, నడకా: దారిలో కనబడే ఊరిని ఫొటో తీయాలంటే ఏది మేలు?

నా ఫొటోలు చూసినవాళ్లు మొదట అడిగేది కెమెరా ఏదని. ఫోనే అని చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: మరి ఎట్లా పోతున్నావు, బండి మీదనా, బస్సులోనా, మధ్యలో ఎక్కడ ఆగుతున్నావు? ఈ నెలలోనే నలుగురు అడిగారు. నిజానికి కెమెరా కంటే ఈ రెండో ప్రశ్నే ముఖ్యమని నాకు ఎప్పటినుంచో అనిపిస్తున్నది. పైగా నేనే జూన్‌లో స్కూటీ ఇంట్లో పెట్టి బస్సు ఎక్కడం మొదలుపెట్టాను, కాబట్టి రెండింటి తేడా ఇంకా తాజాగానే ఉంది.

నేను తీసేవి ప్లాన్ వేసుకుని ట్రైపాడ్ పెట్టి తీసే ఫొటోలు కావు. ఉండేది హనుమకొండ, పని ములుగు దారిలో మల్లంపల్లి దగ్గర బడిలో. పోతూ వస్తూ కనబడిన చెరువు, తాటివనం, పత్తి చేను, అందులో ఆ రోజు ఏ పని నడుస్తుంటే ఆ పని. మనిషి లేకపోయినా మనిషి చేసిన పని ఆనవాలు ఉండాలి. మన వరంగల్లు బిడ్డ గుడిమల్ల భరత్ భూషణ్ గారు తీసిన తెలంగాణ పల్లె ఫొటోలు, బతుకమ్మ ఫొటోలు చూసినప్పటినుంచి నాకు ఖాళీ గుట్ట, ఖాళీ చెరువు తీయబుద్ధి కాలేదు. ఆయన 2022లో పోయారు కానీ, ఆ బొమ్మలు చూస్తే మన నేలను ఎట్లా చూడాలో ఇప్పటికీ తెలుస్తుంది.

ముందు బస్సు సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. పల్లెవెలుగు కిటికీ సీట్లో కూర్చుంటే మన కన్ను రోడ్డు మీద నిలబడ్డ మనిషి తలకంటే పైన ఉంటుంది. ఈ ఎత్తు చాలా పని చేస్తుంది. స్కూటీ మీద పోతుంటే రోడ్డు పక్క సర్కారు తుమ్మ, ప్రహరీ గోడ, ఆగి ఉన్న లారీ తప్ప ఏమీ కనబడని చోట, బస్సులోంచి చూస్తే వాటి వెనక మడులు, ఒడ్లు, నారు కట్టలు మోసుకుపోయేవాళ్లు, దూరంగా చెరువు కట్ట మీద వరుసగా తాటిచెట్లు అన్నీ పరిచినట్టు కనబడతాయి. మూడేళ్లు స్కూటీ మీద తిరిగిన రోడ్డు పక్కనే ఒక చిన్న కుంట ఉందని నాకు బస్సెక్కినాకే తెలిసింది.

బస్సులో తీసేవాళ్లకు వచ్చే ఇబ్బంది ఒకటే, ఫొటో గీరుకుపోయినట్టు రావడం. లెక్క తేలికే. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. షటర్, అంటే కెమెరా కన్ను తెరిచి ఉండే సమయం, సెకనులో 1/100 వంతు ఉంటే ఆ కాస్తలోనే బస్సు 14 సెంటీమీటర్లు జరిగిపోతుంది, 1/1000 పెడితే సెంటీమీటరున్నర కూడా జరగదు. పొద్దున వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఫోను ఆటోలో తనంతట తానే షటర్ తగ్గించేస్తుంది, అందుకే షటర్ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకి పోయి 1/1000 మీద కట్టేయండి, కాస్త గరుకుగా వచ్చినా ఫరవాలేదు. ఇంకొకటి, కిటికీకి మూడు మీటర్ల దూరంలో ఉన్నది చెదిరినంతగా రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న చెరువు కట్ట చెదరదు, కాబట్టి బస్సులోంచి దూరపువే తీయాలి. దగ్గరి కరెంటు స్తంభాలు ఒరిగిపోయినట్టు వస్తే ఫోను పాడైందని టెన్షన్ పడకండి. సెన్సార్ బొమ్మను ఒకేసారి కాకుండా వరుస వరుసగా చదువుతుంది, ఆలోపు బస్సు ముందుకు పోతుంది, స్తంభం వాలుతుంది.

ఏ పక్క కూర్చోవాలన్నది కూడా చూసుకోవాలి. మా దారిలో పొద్దున పోయేటప్పుడైనా సాయంత్రం వచ్చేటప్పుడైనా ఎండ ముందు నుంచో, కుడి ముందు నుంచో వస్తుంది. ఎడమ కిటికీ లోంచి చూస్తే మనుషుల మీద, చేల మీద వెలుగు పడి కనబడతారు, కుడి పక్క నుంచైతే ఎదురెండలో నల్లటి ఆకారాలుగా వస్తారు. పైగా ఎడమ పక్కన ఎదురొచ్చే బండ్లు అడ్డం రావు. ఫోనుకు తాడు కట్టి మణికట్టుకు చుట్టుకోవడం మాత్రం మరవద్దు, ఒకసారి గుంతలో బస్సు ఎగిరినప్పుడు నా ఫోను కిటికీ ఊచకు తగిలి ఒళ్లో పడింది కాబట్టి దక్కింది.

ఆడవాళ్లకు ఇంకో వీలుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మనకు బస్సు ఉచితం కదా, అంటే మధ్యలో ఎక్కడ దిగినా పైసా పోదు, ఇంకో బస్సుకు ఇంకో జీరో టికెట్. ఇంతకుముందు మా దారిలో గూడెప్పాడ్ దగ్గర ఏదన్నా బాగా కనబడితే, దిగితే మళ్లీ టికెట్ తీసుకోవాలి కదా అని కూర్చుండిపోయేదాన్ని. ఇప్పుడు దిగిపోతున్నాను. రష్ మాత్రం బాగా పెరిగింది, ఎనిమిది గంటల బస్సులో నిలబడడానికే జాగ ఉండదు, కిటికీ కావాలంటే గంట ముందు బయల్దేరాలి.

ఇక స్కూటీ. వెలుగు విషయంలో దాన్ని కొట్టేది లేదు. పొద్దుపొడిచినాక, పొద్దుగూకే ముందు ఉండే బంగారు వెలుగును గోల్డెన్ అవర్ అని అందరూ అంటారు కానీ మన దగ్గర అది గంట ఉండదు. మనం 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం, సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిటారుగా పైకి లేస్తాడు, పొద్దుపొడిచిన అరగంటకే ఆరు డిగ్రీలు ఎక్కేస్తాడు, ఆ బంగారు రంగు పోతుంది. ఆ అరగంటకు పాఖాల చెరువు కట్ట మీదో రామప్ప చెరువు కట్ట మీదో ఉండాలంటే బస్సును నమ్ముకుంటే కాదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినాక రామప్ప గుడికి జనం బాగా పెరిగారు, కానీ నాకు గుడి కంటే ఆ పక్కన చెరువు, దాని కింద పారుతున్న ఆయకట్టు తీయడమే ఇష్టం. గుడి 1213 నాటిది, అప్పటి చెరువు కిందే ఇవాళ కూడా నాట్లు పడుతున్నాయి. డిసెంబర్‌లో మంచు లేస్తుంటే ఆ కట్ట మీద నుంచి చూసినవాళ్లకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. అట్లాంటి ఆదివారాలకు స్కూటీయే.

మరి రోజూ ఎందుకు వద్దనుకున్నాను? ఒక సంఘటన చెబుతాను.

మొన్న యాసంగి వడ్లు వచ్చినప్పుడు, మే నెలలో, రోడ్డు పక్కన పరదాల మీద వడ్లు ఆరబోసి ఒక అవ్వ కాళ్లతో తిప్పుతున్నది. మీరు చూసే ఉంటారు, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు, వెనక చాళ్లు పడుతుంటాయి, పైది కిందికి కిందిది పైకి తిరుగుతుంది. వెనక రెండు తాటిచెట్లు, సాయంత్రపు ఎండ చాళ్ల మీద పడి ఒక్కో గీతా విడివిడిగా కనబడుతున్నది. స్కూటీ ఆపాను, స్టాండ్ వేశాను, హెల్మెట్ తీశాను, బ్యాగులోంచి ఫోను తీసి తల ఎత్తేసరికి అవ్వ ఆగిపోయింది. కొంగు సర్దుకుని నా దగ్గరికే వస్తున్నది. "తేమ సూసేటందుకు వచ్చినవా బిడ్డా? ఇంకో రెండు దినాలైతె ఎండుతయ్, రాసుకోకు" అన్నది.

తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తూకం కాదు, ఆ రోజుల్లో ప్రతి రైతుకూ అదే దిగులు. బండి ఆపి హెల్మెట్ తీసి చేతిలో ఫోను పట్టుకుని చూసేవాళ్లు ఆమె ఎరుకలో ఎవరు? ఆఫీసర్లు. నేను కాదవ్వా, ఊరికే ఫొటో కోసమని చెప్పాను. నవ్వింది, తీసుకొమ్మన్నది, చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. ఆ ఫొటో తీశాను, పంపమంటే వాళ్ల మనవడి ఫోనుకు పంపాను కూడా. కానీ నేను చూసింది అది కాదు. నేను చూసినదాన్ని నేను ఆగడమే చెరిపేసింది, అంతకు మించి, ఒక్క నిమిషమైనా ఆ మొహంలో భయం తెప్పించింది. ఆ రాత్రి చాలాసేపు అదే గుర్తొచ్చింది.

అందుకే నాకు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద లెక్క ఒకటే: నేను వచ్చినాక అక్కడి పని సాగుతున్నదా, ఆగుతున్నదా. ఎంత తొందరగా చేరామన్నది, ఎన్ని ఊర్లు తిరిగామన్నది, మెగాపిక్సెల్స్, ఇవన్నీ దీని తరవాతే. స్కూటీతో ఎక్కడైనా ఆగొచ్చు అంటారు, ఆగొచ్చు నిజమే, కానీ ఆ చప్పుడు, ఆ హెల్మెట్, ఆ దిగడం ఇవన్నీ కలిసి ఎవరో వచ్చారని అందరికీ చాటుతాయి. బస్సు దీనికి పూర్తిగా ఎదురు, రోజూ పోయే బస్సును ఎవరూ తలెత్తి చూడరు, పని పనిగానే ఉంటుంది, కానీ మనమే ఆగలేం.

ఒక్కసారి మాత్రం బస్సే ఆగింది. ఈ వానాకాలం కటాక్షపూర్ చెరువు మత్తడి పోసి నీళ్లు రోడ్డు మీదికి వచ్చిన రోజు అటు బండ్లు అటే, ఇటు బండ్లు ఇటే నిలిచిపోయాయి. అందరం దిగాం. పిల్లలు వలలు పట్టుకుని పారే నీళ్లలో చేపల కోసం వంగి ఉన్నారు, ఒకామె టిఫిన్ సంచి నెత్తిన పెట్టుకుని, చెప్పులు ఒక చేత్తో, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని రోడ్డు దాటుతున్నది, ఆమె మడమల దగ్గర నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి, వెనక చెరువు ఆకాశం రంగే. యాభై మంది నిలబడి చూస్తున్నారు, అందులో నేనొకదాన్ని, నావైపు ఎవరూ చూడలేదు. ఈ ఏడాది నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.

ఆ రోజు తరవాతనే నడక మీద గురి కుదిరింది. ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులు ఒక స్టాపు ముందే దిగి రెండు కిలోమీటర్లు నడుస్తున్నాను. నడిచి వచ్చే మనిషి దూరం నుంచే కనబడుతుంది, దగ్గరికి వచ్చేసరికి కళ్లకు అలవాటైపోతుంది. "ఎటు పోతున్నవ్ బిడ్డా" అంటారు, బడికి అని చెబుతాను, మళ్లీ పనిలో పడతారు. ఫోనులో అసలు కెమెరా ఉంటుందే, అది వెడల్పు లెన్సు, 24 నుంచి 26 ఎంఎం లెక్కలోది. దాంతో మనిషి, వెనక నేల రెండూ రావాలంటే మూడు నాలుగు మీటర్ల దగ్గరికి పోవాలి, దూరం నుంచి జూమ్ చేస్తే బొమ్మ అలికినట్టు అయిపోతుంది. అంత దగ్గరికి పోయినా పని ఆగకూడదంటే నడిచి పోవడం తప్ప నాకు ఇంకో దారి కనబడలేదు. గీత కార్మికుడు మోకు ముత్తాదు వేసుకుని తాటిచెట్టు ఎక్కుతుంటే కింద నిలబడి రెండు అడుగులు పక్కకు జరిగితే చాలు, చెట్టు వెనక ఉన్న కరెంటు తీగ తప్పిపోతుంది, ఆకాశం ఖాళీ అవుతుంది. ఆ రెండు అడుగులు బస్సు ఇవ్వదు.

నడకతో కష్టాలు లేవని కాదు. ఎండాకాలం తొమ్మిది దాటితే అడుగు వేయలేం. కుక్కలు. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు పొద్దుగూకినాక ఖాళీ రోడ్డు మీద నడవమని నేను చెప్పను, నేనూ నడవను, సాయంత్రం వెలుగు ఎంత బాగున్నా ఐదున్నరకల్లా బస్టాపులో ఉంటాను. కొన్ని రోజులు రెండు కిలోమీటర్లు నడిచినా ఒక్క ఫొటో రాదు.

కారు గురించి అడిగారు ఒకరు. అద్దాలు, ఏసీ, ఆపడానికి చోటు వెతుక్కోవడం, స్కూటీకి ఉన్న ఇబ్బందులన్నీ ఇంకాస్త ఎక్కువ. రైలు బాగుంటుంది, కాజీపేట నుంచి పెద్దపల్లి మీదుగా మంచిర్యాల వైపు పోయేవాళ్లు గోదావరి బ్రిడ్జి దగ్గర తలుపు దగ్గర కాకుండా కిటికీ దగ్గర ఉండండి, అంతే. డ్రోన్ నాకు పనికిరాదు, చప్పుడు వినగానే ఊరంతా పైకి చూస్తుంది.

స్కూటీ తప్పనివాళ్లు చాలామంది ఉంటారు, బస్సు పోని ఊర్లు మనకు తక్కువేమీ కావు. వాళ్లు ఒకటి చేయొచ్చు. కనబడ్డ చోట బ్రేకు వేయకుండా దాటిపోయి, రెండు వందల మీటర్ల అవతల చెట్టు కింద బండి పెట్టి, హెల్మెట్ అక్కడే తగిలించి, నడిచి వెనక్కి రండి. రామప్ప చెరువు దగ్గర నేను చేసేది ఇదే. కొన్ని ఫొటోలు పోతాయి, పోనివ్వండి, దొరికినవి మాత్రం మీరు చూసినట్టే ఉంటాయి.

ఇప్పుడైతే తంగేడు పూస్తున్నది, బీడు భూముల్లో గునుగు తెల్లగా లేచింది. బతుకమ్మ అంటే అందరూ ఆడే చోటికే కెమెరా తీసుకుని పోతారు, భద్రకాళి కట్ట దగ్గర, పద్మాక్షి గుట్ట దగ్గర ఫోనుల వెలుగే ఎక్కువ. దానికి ముందు రెండు మూడు రోజులు పొద్దున్నే చేలల్లోకి పోయి చూడండి, సంచులు పట్టుకుని గునుగు కోసేవాళ్లు ఆ తెల్లటి పువ్వుల్లో నడుము లోతు మునిగి ఉంటారు. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల ముందురోజు మొదటి బస్సుకు బయల్దేరి గూడెప్పాడ్ దాటినాక దిగుదామనుకుంటున్నాను. మీరూ వస్తే ఎడమ కిటికీ పట్టండి, మంచు దిగుతుంది కాబట్టి తడిసినా ఫరవాలేని చెప్పులు వేసుకోండి.