రాక్షస మాస్కులకు యాక్రిలిక్ కళ్లు: తిరుపతి ఎండల్లో కొన్నేళ్లు ఉంచి చూశాక

లేటెక్స్‌తో, అంటే రబ్బరుపాలతో చేసిన రాక్షస మాస్కులు సేకరించేవారికి ముందే ఒక మాట చెబుతాను. డబ్బు పెట్టదలచుకుంటే కళ్ల మీద పెట్టండి, ఓపిక పెట్టదలచుకుంటే రెప్పల మీద పెట్టండి. చేత్తో రంగులు వేసిన యాక్రిలిక్ (గాజులా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్) కళ్లు అమర్చిన మాస్కులు కొన్నేళ్లుగా మా తిరుపతి ఇంట్లో ఏసీ లేని గదిలోనే ఉన్నాయి. కళ్లు చెక్కుచెదరలేదు. చెదిరినదల్లా వాటి చుట్టూ ఉన్నదే.

నేను వాడేవి 28 మిల్లీమీటర్ల అర్ధగోళాలు. మనిషి కంటిగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అదే కొలత చాలనిపిస్తుంది. కానీ మాస్కు తల మన తలకన్నా పెద్దది. 24 పెడితే రాక్షసుడు చికిలికళ్లవాడైపోతాడు. మంచి కంటిలో నల్లగుడ్డు పారదర్శకమైన పొర అడుగున ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఆ లోతు తెలుస్తుంది. తెల్లగుడ్డు మీది నరాలు గీసినవి కావు. సన్నటి ఎర్రదారపు పోగులు పరిచి పైన పొర పోస్తారు. మనుషులకు కృత్రిమ నేత్రాలు చేసేవారి పద్ధతే ఇది. ఒకప్పుడు వాళ్లకు జర్మనీలోని లౌషా గాజే ఆధారం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా ఆగిపోవడంతో అమెరికావాళ్లు దంతవైద్యులు వాడే యాక్రిలిక్ వైపు మళ్లారు. ఆ యుద్ధకాలపు అవసరమే ఈనాడు మన అలమరల దాకా వచ్చింది.

గాజు కళ్లూ నా దగ్గర ఉన్నాయి. మెరుపులో వాటికి సాటి లేదు, త్వరగా గీతలు పడవు. కానీ ఆ బరువుకు లేటెక్స్ కింది రెప్ప జారుతుంది. చవకగా వచ్చిన రెసిన్ జత అయితే కిటికీ పక్కన ఉండి ఉండి పసుపెక్కింది. యాక్రిలిక్ జత అదే కిటికీ పక్కన తెల్లగానే ఉంది, ఎర్రదారాలు మాత్రం కాస్త వెలిశాయి.

ఇక రెప్పల సంగతి. మా ఊరివాళ్లకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. గంగమ్మ జాతరలో ‘తోటి’ అనే వేషం కట్టినవారు ఒంటికి బొగ్గుపొడి పూసుకుంటారు. ఆ నలుపులోంచి రెండు తెల్లగుడ్లు తిరిగితే చాలు, పిల్లలు అమ్మ కొంగు చాటుకు వెళ్లిపోతారు. కళ్లకు చేసిందేమీ లేదు, చుట్టూ ముఖాన్ని నల్లబరిచారు, అంతే. అందుకే కన్ను పెట్టకముందే రెప్పల లోపలి అంచులకు ముదురు గోధుమరంగులో ఊదా కలిపి పూస్తాను. రంధ్రం కంటికన్నా చిన్నగా కత్తిరించాలి, అప్పుడే రెప్ప గుడ్డును ఒత్తుకుని కూర్చుంటుంది. పై రెప్ప నల్లగుడ్డు పై అంచును కొంచెం కప్పాలి. నల్లగుడ్డు చుట్టూ తెలుపు కనబడిందా, భయపెట్టాల్సినవాడు కాస్తా భయపడ్డవాడిలా కనిపిస్తాడు. చివర్లో కింది రెప్ప అంచున పారదర్శకమైన ఎపాక్సీ జిగురును సూదిమొనతో సన్నగా పూస్తే కంట్లో తడి ఉన్నట్టే ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

చూపు కుదర్చడానికి టార్చిని మించిన సాధనం లేదు. కళ్లను ముందు బంకమట్టితో తాత్కాలికంగా నిలిపి, గదిలో లైట్లు ఆర్పి, టార్చిని నా ముక్కు దగ్గర పట్టుకుని ఎదురుగా నిలబడతాను. వెలుగుచుక్క రెండు నల్లగుడ్ల మీదా ఒకే చోట పడాలి. కంటి డాక్టర్లు పిల్లల్లో మెల్లకన్నును గుర్తించేదీ ఇలాగే. మిల్లీమీటరు తేడా ఉన్నా రాక్షసుడి కోపం పోయి పరధ్యానం వస్తుంది.

అతికించే విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. కళ్లు బిగించి అమ్మే ఒకరి దగ్గర కొన్న మాస్కులో వేడి జిగురు వాడారు. మే నెల ఎండలకు అది మెత్తబడి ఎడమ కన్ను లోపలికి వాలిపోయింది. అంత డబ్బు తీసుకుని ఆ పని చేయడం అన్యాయం. రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ గట్టిగానే ఉంటుంది కానీ సాగదు, లేటెక్స్ వంగిన చోట అంచు ఊడుతుంది. నేను మల్లుగుడ్డ పీలికలను ద్రవ లేటెక్స్‌లో ముంచి, కంటి వెనక ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరుస్తాను. అమ్మోనియా ఘాటు ఉంటుంది, కిటికీలు తెరుచుకోవాలి. ఆరాక అది కన్నును సంచిలా పట్టుకుంటుంది, రబ్బరుతో పాటు సాగుతుంది. కావాలంటే కోసి కన్నును బయటికి తీయవచ్చు కూడా.

తుడవడానికి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. స్పిరిట్, థిన్నర్ తగిలితే యాక్రిలిక్‌లో సన్నటి పగుళ్లు వస్తాయి. పొడిగుడ్డతో రుద్దితే దుమ్మే గీతలు పెడుతుంది. మెరుపు కోసం మాస్కుకు కొబ్బరినూనె రాసే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు. నూనె రబ్బరును జిగటగా చేసి తినేస్తుంది. నేరుగా ఎండ పడనీయకండి.

ధర తక్కువేమీ కాదు. ఒక జత డబ్బుకు మామూలు మాస్కు ఒకటి వస్తుంది. అయినా సగటు మాస్కుకు మంచి కళ్లు పెట్టుకోవడమే లాభమని నా లెక్క. తలకు తొడుక్కునే మాస్కులకు మాత్రం ఇవి పెట్టకండి. కళ్లు బిగించాక చూపు ఉండదు. కంటి కింది ముడతలో చీలిక పెట్టినా కాళ్ల ముందు నేల తప్ప మరేమీ కనబడదు. అలమరలో నిలబెట్టే మాస్కులకైతే సందేహం అక్కర్లేదు. తర్వాత తెప్పించే జత 30 మిల్లీమీటర్లది, పెద్ద తలకాయ ఉన్న కొమ్ముల రాక్షసుడికి.