ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సా, నాలుగు రోజుల శిక్షణా: ఏది మేలు?

బెంగళూరులో ఉద్యోగం, హిందూపురం వైపో అనంతపురం వైపో నాలుగైదు ఎకరాల పొలం. ఇలాంటి మనవాళ్ళు ఇక్కడ వీధికొకరు ఉంటారు. నాన్నకు వయసు మీదపడేసరికి సేద్యం నేర్చుకోవాలన్న తపన మొదలవుతుంది. నాలుగేళ్ల అగ్రికల్చర్ బీఎస్సీ ఇప్పుడు కుదరదు. మరి మిగిలినవాటిలో ఏది?

దూరవిద్య నడిపే ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నోలో సేంద్రియ వ్యవసాయం సర్టిఫికెట్ ఉంది. ఇంటర్ పాసైతే చాలు. కనీసం ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు. మొత్తం 16 క్రెడిట్లు, క్రెడిట్‌కు 30 గంటల చదువు, అంటే 480 గంటలు. ఆరు నెలల్లో ముగించాలంటే రోజూ రెండున్నర గంటల పైనే పడుతుంది. సాయంత్రాలన్నీ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌కే పోయేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి. పాఠాలు ఇంగ్లిష్, హిందీల్లోనే. సాగు పద్ధతులతో పాటు సేంద్రియ ధృవీకరణ, తనిఖీ, మార్కెటింగ్ కూడా నేర్పుతారు. పంటను సేంద్రియమని చూపించి మంచి ధరకు అమ్మాలనుకునేవాళ్ళకు ఆ భాగం నిజంగా పనికొస్తుంది.

రెండో దారి కొద్ది రోజుల శిక్షణలు. హెసరఘట్టలోని ఉద్యాన పంటల పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్‌లో పుట్టగొడుగులు, నర్సరీ లాంటివాటి మీద జరుగుతుంటాయి. మూడు తెగుళ్లను తట్టుకునే అర్క రక్షక్ టమాటా పుట్టింది అక్కడే. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకే అయితే బళ్ళారి రోడ్డు మీద, మనం ఊరికెళ్లే దారిలోనే ఉంది. రైతు శిక్షణలు ఎక్కువగా కన్నడలో సాగుతాయి. హిందూపురం, మడకశిర వాళ్ళకు అదేం అడ్డు కాదు, కోస్తా వాళ్ళకు మాత్రం కొంచెం కష్టమే.

నేనైతే ముందు శిక్షణకే వెళ్ళమంటాను. మట్టి నమూనా తీయడాన్నే చూడండి. చదివితే ఒక పేరా. చేతికి పార ఇచ్చి చేయించినప్పుడు తెలుస్తుంది అందులో ఎంత ఉందో. ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా ఒకే మందంలో మట్టిని చెక్కాలి. అలా ఎనిమిది పది చోట్ల తీసి, గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేయాలి. అర కిలో మిగిలేదాకా అదే పని. గట్టు పక్కన, చెట్టు నీడన, ఎరువు కుప్పలు వేసిన చోట తీస్తే రిపోర్టు మొత్తం తప్పుతుంది. ఆ రిపోర్టు నమ్మి ఏటా ఎరువులకు డబ్బు పోస్తాం కదా!

అయితే ఈ రెండూ చెప్పని సంగతులు మన ఊళ్ళోనే దొరుకుతాయి. శనక్కాయకు తొలి పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. కాయకు కావాల్సిన కాల్షియాన్ని వేర్లు పంపవు, పూత నుంచి మట్టిలోకి దిగే ఊడలూ, కాయలూ నేరుగా మట్టి నుంచే తీసుకుంటాయి. అది అందకపోతే తాలు కాయలే. ఇలాంటివి అనంతపురం దగ్గర రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే మన నేలకు తగ్గట్టు చెబుతారు. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, శనివారం ఒక పూట వీలు చేసుకుంటే చాలు. వెళ్ళే ముందు ఫోన్ చేసి, ఎవరైనా ఉంటారో లేదో కనుక్కోండి.

ఎరువుల దుకాణం పెట్టాలనుకునేవాళ్ళకు ఈ పోలికే వద్దు. డీలర్ల కోసం జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ ‘మేనేజ్’ నడిపే ఏడాది ‘దేశీ’ డిప్లొమా వేరే ఉంది.

ఇగ్నో సర్టిఫికెట్ వద్దనడం లేదు, ఒక పంట తీశాక చేరమంటున్నాను. తెగులు చూసి, ధర పడిపోవడం చూసి చదివేవాడికి ప్రతి పాఠంలోనూ తన పొలమే కనబడుతుంది. అక్కడ జనవరి, జూలై రెండు విడతల్లో చేర్చుకుంటారు. వేసవిలో శిక్షణ, మట్టి పరీక్ష ముగించుకుని, జూన్, జూలైలో వానలకు శనక్కాయ విత్తి, కాయ ఇంటికి చేరాక జనవరి విడతకు దరఖాస్తు పెట్టుకోండి.